సబ్బు, క్రిమినాశిని, గర్భనిరోధక జెల్: ఈ మూడింటికీ చుట్టరికం ఏమిటి?

ముందు మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నట్టు చెబుతాను. మీరూ మీ ఆవిడా ఏడాదిగా డయాఫ్రంతో (గర్భాశయ ముఖద్వారాన్ని కప్పే మెత్తని కప్పు) పాటు, నొనాక్సినాల్-9 అనే వీర్యకణాలను చంపే మందున్న జెల్ వాడుతున్నారు. ఈ ఏడాదిలో ఆవిడకు మూడుసార్లు మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చింది. రెండుసార్లు కల్చర్ (మూత్రంలోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి గుర్తించే పరీక్ష) చేయిస్తే ఈ. కోలై అనే బాక్టీరియా అని తేలింది. జెల్‌లో ఉన్నది డిటర్జెంట్ జాతి పదార్థమని ఎక్కడో చదివారు. అందుకని మూడు సందేహాలు అడిగారు. సబ్బు క్రిములను చంపుతుంది కదా, సబ్బులాంటి జెల్ వాడుతున్నా ఇన్‌ఫెక్షన్ ఎందుకు వస్తోంది? హెచ్‌ఐవీ నుంచి ఇది కాపాడదని పెట్టె మీద ఎందుకు రాశారు? జెల్ అయిపోయినప్పుడు పల్చని సబ్బు నీళ్లు వాడొచ్చా?

మూడోదానికి జవాబు ఇప్పుడే చెప్పేస్తాను, మిగతాది చదివేలోపు ఎవరూ ప్రయత్నించకుండా. వద్దు. సబ్బు గానీ, షాంపూ గానీ, గాయాలు కడిగే క్రిమినాశిని గానీ, ఎంత పల్చన చేసినా సరే, యోని లోపల వాడకూడదు. ఎందుకో కింద వివరిస్తాను.

నేను డాక్టర్ని కాదు. మందుల తయారీలో, ముఖ్యంగా క్రీములు, జెల్‌లు, క్రిమినాశక ద్రావణాల ఫార్ములేషన్‌లో ఇరవై ఏళ్లకు పైగా పనిచేశాను. రోజూ చేతులు తడిపింది సర్ఫాక్టెంట్లతోనే. సబ్బు, డిటర్జెంట్, కొన్ని క్రిమినాశినులు, మీ జెల్‌లోని మందు, అన్నీ ఈ జాతివే. కాబట్టి రసాయనం సంగతి నేను చెబుతాను. వైద్యం సంగతి మీ డాక్టరుగారి దగ్గరే తేల్చుకోవాలి.

సర్ఫాక్టెంట్ అణువుకు తల, తోక ఉంటాయి. తలకు నీళ్లంటే ఇష్టం, తోకకు నూనె అంటే ఇష్టం. నీళ్లలో వేస్తే తోక ఎక్కడో ఒకచోట దాక్కోవాలని చూస్తుంది. గిన్నెకు అంటిన జిడ్డు దొరికితే అందులో దూరుతుంది. ఏమీ దొరక్కపోతే అణువులన్నీ తోకలు లోపలికి, తలలు బయటికి పెట్టుకుని చిన్న చిన్న ఉండల్లా చేరతాయి. వాటినే మైసెల్ అంటారు. దగ్గర్లో ఒక బతికున్న కణం ఉంటే, దాని పొరలోకి దూరుతుంది. ఆ పొర కూడా కొవ్వుతో అల్లిందే, మందం సుమారు 5 నానోమీటర్లు. సర్ఫాక్టెంట్‌కు జిడ్డు, బాక్టీరియా, వీర్యకణం, మన చర్మకణం అన్న తేడా తెలియదు. దానికి తెలిసిందల్లా తోక దాచుకునే చోటు.

ఆకారం సంగతి కూడా చెప్పాలి, అసలు దెబ్బ అక్కడే పడుతుంది కాబట్టి. కణం పొరలోని కొవ్వు అణువులకు సాధారణంగా రెండు తోకలు ఉంటాయి. తల వెడల్పు, తోకల వెడల్పు దాదాపు సమానం. అందుకే అవి పక్కపక్కన పేర్చిన ఇటుకల్లా చదునుగా కూర్చుంటాయి. సర్ఫాక్టెంట్‌కు ఒక్కటే తోక, తల లావు. అంటే ఒక కొస వెడల్పుగా, ఇంకో కొస సన్నగా ఉన్న ముక్క. అలాంటి ముక్కలు చదునైన వరసలో ఇరుక్కుంటే వరస వంగుతుంది, సందులు పడతాయి. ముందు పొటాషియం లాంటి చిన్న అయాన్లు కారిపోతాయి, తర్వాత పెద్ద అణువులు. మోతాదు పెరిగితే పొర మొత్తం ముక్కలుగా విడిపోయి మైసెల్‌లలో కలిసిపోతుంది. కొత్తగా చేరినవాళ్లకు ఒక ముఖ్యమైన మాట చెబుతుంటాను: కణం చావడానికి పొర అంతా కరగక్కర్లేదు, కారడం మొదలైతే చాలు.

దీన్ని కళ్లతో చూపించడానికి నేను ఎప్పుడూ ఒక గాజు గొట్టం, ఒక పాత పేపరు వాడేవాణ్ణి. కడిగిన ఎర్ర రక్తకణాలను ఉప్పునీళ్లలో కలిపి గొట్టంలో పోస్తే చిక్కటి ఎరుపు, వెనక పేపరు పెడితే అక్షరం కనపడదు. అందులో ట్రైటాన్ ఎక్స్-100 అనే సర్ఫాక్టెంట్ ద్రావణం రెండు చుక్కలు వేసి తిప్పితే, కాసేపట్లో ఆ మసక పోయి గొట్టం పారదర్శకంగా మారుతుంది. రంగు ఎర్రగానే ఉంటుంది, కానీ వెనక ఉన్న వార్త చదువుకోవచ్చు. కణాలు పగిలి హిమోగ్లోబిన్ బయటికి వచ్చేసిందన్నమాట. మీ చేతిలో ఉన్న నొనాక్సినాల్-9, ఈ ట్రైటాన్ దాదాపు అన్నదమ్ముల్లాంటివి. రెండింటికీ తోకలో ఒక బెంజీన్ వలయం ఉంటుంది. దానికి అంటుకున్న కార్బన్ గొలుసు నొనాక్సినాల్‌లో 9 కార్బన్లు, ట్రైటాన్‌లో 8. తల భాగంలో సగటున 9 నుంచి 10 ఇథిలీన్ ఆక్సైడ్ ముక్కలు. పేరు చివరి 9 అంకె ఆ ముక్కల సంఖ్యే.

ఆ 9 ఊరికే రాలేదు. అదే తోకకు 30, 40 ముక్కల పొడవాటి తల తగిలిస్తే అణువు నీళ్లలోనే హాయిగా ఉంటుంది, పొరలో దూరాలన్న అవసరం తగ్గుతుంది, వీర్యకణాలను చంపే శక్తి బాగా పడిపోతుంది. తల మరీ చిన్నదైతే నీళ్లలో కరగనే కరగదు. తోక పొడవుకూ ఇదే కథ. మరీ పొట్టి తోకకు నీళ్లను వదిలి పోవాలన్న తొందర ఉండదు. మరీ పొడవైతే ఒంటరి అణువులుగా నీళ్లలో తిరిగే మోతాదు తగ్గిపోతుంది, లక్ష్యం దగ్గరికి చేరేది తక్కువ. మధ్యలో, ముఖ్యంగా తల మీద ధనావేశం ఉండే క్వాటర్నరీ అమోనియం జాతిలో 12 నుంచి 16 కార్బన్ల దగ్గర, క్రిమినాశక శక్తి శిఖరానికి చేరి ఆ తర్వాత దిగిపోతుంది. ఆ జాతి క్రిమినాశిని బెంజాల్కోనియం క్లోరైడ్‌ను అమ్మేటప్పుడు దానిలో 12, 14 కార్బన్ల తోకలే ఎక్కువగా ఉండేలా చూసుకునేది అందుకే.

తల మీద విద్యుదావేశం ఎలా ఉందన్నదాన్ని బట్టి నాలుగు రకాలు చెబుతారు. బాక్టీరియా ఉపరితలం మీద మొత్తమ్మీద ఋణావేశం ఉంటుంది, కాబట్టి ధనావేశపు తల ఉన్నవి వాటిని ఇట్టే అంటుకుంటాయి. బెంజాల్కోనియం, నోరు పుక్కిలించే మందుల్లోని సిటైల్‌పిరిడినియం ఈ జాతివి. బెంజాల్కోనియం క్రిమినాశక గుణాన్ని 1935లో లోకానికి చెప్పింది గెర్హార్డ్ డోమాక్, బాక్టీరియాను అణిచే తొలితరం మందులైన సల్ఫా మందులకు దారి చూపిన ఆయనే. కొన్ని దేశాల్లో బెంజాల్కోనియంతోనే గర్భనిరోధక క్రీములు, స్పాంజీలు దొరుకుతాయి. ఋణావేశపు తల ఉన్నవాటికి ఉదాహరణ మన సబ్బు, షాంపూలోనూ టూత్‌పేస్టులోనూ ఉండే సోడియం లారైల్ సల్ఫేట్. ఈ రెండు జాతులూ కలిస్తే ఒకదాన్నొకటి పట్టుకుని పనికిరాకుండా పోతాయి. మా దగ్గర కొత్తగా చేరిన ఒక అబ్బాయి బెంజాల్కోనియం క్రీముకు లారైల్ సల్ఫేట్ ఉన్న బేస్ ఎంచుకున్నాడు. బీకరులో విరిగిన పాలలా తెల్లటి ముద్దలు తేలాయి, క్రిమినాశక పరీక్షలో ఏమీ మిగల్లేదు. పళ్లు తోముకున్న వెంటనే క్లోర్‌హెక్సిడిన్‌తో పుక్కిలించవద్దు, అరగంట ఆగమని డెంటిస్టులు చెప్పేదీ ఇందుకే. అది కూడా ధనావేశపు మందే, పేస్టు నురగ దాన్ని పట్టేస్తుంది.

ఏ ఆవేశమూ లేనివి నాన్‌అయానిక్‌లు. వీటి గురించి ఒక అపోహ బాగా ప్రచారంలో ఉంది, ఆవేశం లేదు కాబట్టి సౌమ్యమని. ఐస్‌క్రీమ్‌లో వాడే పాలీసార్బేట్ 80 విషయంలో అది చాలావరకు నిజం. నొనాక్సినాల్-9 విషయంలో కాదు. సోడియం లారైల్ సల్ఫేట్ నీళ్లలో మైసెల్‌లు కట్టాలంటే లీటరుకు 2.3 గ్రాములు కావాలి. ట్రైటాన్ ఎక్స్-100కు సుమారు 0.15 గ్రాము చాలు. అంటే అంత కొంచెంలోనే దాని తోకలు దాక్కోవడానికి చోటు వెతుక్కుంటున్నాయి. నాలుగోవి రెండు ఆవేశాలూ ఉన్న బీటైన్‌లు, వాటి సంగతి కిందకు వచ్చాక చెబుతాను.

ఇక వీర్యకణాలు. సర్ఫాక్టెంట్ ముందు వీర్యకణం అంత నిస్సహాయమైన కణం నేను చూడలేదు. అది తయారయ్యే క్రమంలో తనలోని ద్రవపదార్థాన్ని దాదాపు అంతా వదిలేస్తుంది. కొత్త ప్రోటీన్లు, కొత్త కొవ్వులు చేసుకుని పొరకు మరమ్మతు చేసుకునే సరంజామా దాని దగ్గర ఉండదు. పైగా దాని పొరలో డీహెచ్‌ఏ లాంటి వంకరలు తిరిగిన అసంతృప్త కొవ్వులు ఎక్కువ. తోక కొట్టుకోవడానికి ఆ వదులు కావాలి, సర్ఫాక్టెంట్ దూరడానికీ ఆ వదులే దారి. శాండర్-క్రేమర్ అని ఒక పాత పరీక్ష ఉంది. వీర్యంలో మందు కలిపాక 20 సెకన్లలో ఒక్కటి కూడా కదలకుండా చేసే అతి తక్కువ గాఢత ఎంతో చూస్తారు. 400 రెట్ల మైక్రోస్కోపు కింద నేను మొదటిసారి చూసినప్పుడు చేతిలోని స్టాప్‌వాచ్ సంగతే మరిచిపోయాను. పుట్టలోంచి లేచిన చీమల్లా తిరుగుతున్న ఆ గుంపు, మందు అంచు తాకిన చోటల్లా ఆగిపోతూ వచ్చింది. కొన్నింటి తోక కొస ముడుచుకుని వంకీలా అయింది. కడిగి శుభ్రమైన ద్రావణంలో వేసినా మళ్లీ ఒక్కటీ కదల్లేదు. తలమీద, అండంలోకి దూరడానికి పనికొచ్చే అక్రోజోమ్ అనే టోపీ, మధ్యభాగంలో శక్తినిచ్చే మైటోకాండ్రియా చుట్టూ ఉన్న పొర, రెండూ దెబ్బతింటాయి.

అంత బాగా చంపితే, ఇది ఒక్కటే వాడినవాళ్లలో మొదటి ఏడాదిలో 100 మందిలో 20 మందికి పైగా ఎందుకు గర్భం వస్తోంది? గాజు పలక మీద మందు, వీర్యం బాగా కలుస్తాయి, ఒంట్లో అలా కలవవు. జెల్ మడతల్లో సమానంగా పరుచుకోదు. శ్లేష్మం దాన్ని పల్చన చేస్తుంది. కొన్ని వీర్యకణాలు నిమిషాల్లోనే గర్భాశయ ముఖద్వారపు జిగురులోకి చేరి మందుకు అందకుండా పోతాయి. లెక్క కూడా చూడండి: 10 కోట్లలో 99 శాతం చచ్చినా 10 లక్షలు మిగులుతాయి. మీరు డయాఫ్రంతో కలిపి వాడటం ఆ విధంగా మంచిదే. డయాఫ్రం జెల్‌ను ముఖద్వారం దగ్గర పట్టి ఉంచుతుంది.

ఇప్పుడు హెచ్‌ఐవీ ప్రశ్న. ఈ కథను నేను ఎక్కడ చెప్పినా మనసు బరువెక్కుతుంది. హెచ్‌ఐవీకి చుట్టూ కొవ్వు పొర ఉంటుంది, మనిషి కణం నుంచి బయటికి వస్తూ చుట్టుకున్న పొర అది. కరోనా వైరస్‌కూ అలాంటిదే ఉంటుంది, సబ్బు వాటిమీద అంత బాగా పనిచేసేది అందుకే. (పొరలేని పోలియో, నోరో వైరస్‌ల మీద మామూలు సబ్బు చంపడం కంటే కడిగేయడం ద్వారానే ఎక్కువ పనిచేస్తుంది.) 1985లో ప్రయోగశాలలో నొనాక్సినాల్-9 హెచ్‌ఐవీని నిర్వీర్యం చేస్తుందని తేలింది. అప్పటికే దశాబ్దాలుగా అమ్ముతున్న మందు, ఆడవాళ్లు ఎవరి అనుమతీ అడగకుండా తమ చేతుల్లో ఉంచుకోగల రక్షణ. అందరూ ఎంతో ఆశపడ్డారు.

మనుషుల్లో ఫలితం తలకిందులైంది. నైరోబీలో 1000 మిల్లీగ్రాముల మందున్న స్పాంజీ వాడిన ఆడవాళ్లకు 1992లో వచ్చిన ఫలితాల్లో రక్షణ కనపడలేదు, జననాంగాల్లో పుండ్లు మాత్రం పెరిగాయి. కామెరూన్‌లో 70 మిల్లీగ్రాముల ఫిల్మ్‌తో (లోపల పెట్టుకుంటే కరిగే పల్చని రేకు) చేసిన అధ్యయనంలో, 1998లో, లాభం లేదని తేలింది. మోతాదు తగ్గిస్తే బాగుంటుందేమోనని 52.5 మిల్లీగ్రాముల జెల్‌తో బెనిన్, ఐవరీ కోస్ట్, దక్షిణాఫ్రికా, థాయ్‌లాండ్‌లలో సెక్స్ వర్కర్ల మీద చేసిన పెద్ద అధ్యయనం ఫలితాలు 2002లో అచ్చయ్యాయి. మందు జెల్ వాడిన 376 మందిలో 59 మందికి హెచ్‌ఐవీ సోకింది. మందు లేని జెల్ వాడిన 389 మందిలో 45 మందికి సోకింది. రోజుకు సగటున 3.5 సార్లకు మించి వాడినవాళ్లలో ముప్పు దాదాపు రెట్టింపు.

కారణం రసాయనంలోనే ఉంది. వైరస్ పొరను చీల్చే మోతాదుకూ, మన కణాల పొరను చీల్చే మోతాదుకూ మధ్య ఎడం చాలా తక్కువ. యోని గోడ అనేక వరసల కణాలతో ఉంటుంది కాబట్టి కొంత తట్టుకుంటుంది. గర్భాశయ ముఖద్వారం లోపలి భాగంలో, మలద్వారం లోపల ఒకే వరస. ఆ ఒక్క వరస ఊడితే కింద రక్షణ లేదు. మలద్వారంలో ఈ జెల్ వాడిన 15 నిమిషాలకే కణాలు పొరలు పొరలుగా ఊడివచ్చినట్టు పరిశోధకులు చూశారు. గోడ దెబ్బతింటే వాపు వస్తుంది, వాపు వచ్చిన చోటికి రోగనిరోధక కణాలు పరిగెత్తుకొస్తాయి. హెచ్‌ఐవీకి కావలసింది సరిగ్గా ఆ కణాలే. 2007లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ హెచ్చరికను పెట్టెల మీద తప్పనిసరి చేసింది. మీరు చదివినది ఆ బాపతు వాక్యమే. హెచ్‌ఐవీ ముప్పు ఉన్నవాళ్లు, రోజుకు చాలాసార్లు వాడేవాళ్లు దీన్ని వాడకూడదు. కండోమ్‌లకు ఈ మందు పూసి అమ్మడంలోనూ అదనపు లాభం లేదు.

తర్వాత సీ31జీ అని బీటైన్, అమైన్ ఆక్సైడ్ కలిపిన ఇంకో సర్ఫాక్టెంట్ వచ్చింది. గర్భనిరోధంలో అది నొనాక్సినాల్-9తో సమానంగానే నిలిచింది. హెచ్‌ఐవీ కోసం ఘనా, నైజీరియాలలో మొదలుపెట్టిన ప్రయోగాలను మాత్రం ఫలితం తేలే అవకాశం లేదని మధ్యలోనే ఆపేశారు. తల మార్చినా, తోక మార్చినా, పొరను చీల్చడమే పద్ధతి అయినప్పుడు శత్రువు పొర, సొంత పొర అన్న తేడా తేవడం ఎంత కష్టమో నా పనిలో రోజూ చూశాను.

ఇప్పుడు మీ ఆవిడ ఇన్‌ఫెక్షన్ల దగ్గరికి వద్దాం. ఈ. కోలై మన పేగుల్లో ఉండే బాక్టీరియా. పేగుల్లోకి రోజూ పైత్యరసం వస్తుంది, పైత్యలవణాలు స్వయానా సర్ఫాక్టెంట్లు. అంటే ఈ. కోలై పుట్టిందీ పెరిగిందీ డిటర్జెంట్‌లోనే. దానికి అసలు పొర మీద ఇంకో బయటి పొర ఉంటుంది. ఆ బయటి పొరకు వెలుపల చక్కెర గొలుసులున్న కొవ్వులు కాల్షియం, మెగ్నీషియం అయాన్లతో ఒకదానికొకటి బిగిసి ఉంటాయి. నొనాక్సినాల్ తోక అందులో దూరలేదు. మీ కల్చర్ చేసిన ల్యాబ్‌లో బహుశా మెకాంకీ అగార్ వాడి ఉంటారు. ఆ పళ్లెంలో పైత్యలవణాలు కావాలనే కలుపుతారు, మిగతా చాలా బాక్టీరియా ఆగిపోయి ఈ. కోలై గులాబీ రంగు చుక్కల్లా పెరగడానికి. డిటర్జెంట్‌ను తట్టుకోవడమే దాని ఆనవాలు.

యోనిలో సహజంగా ఉండే లాక్టోబాసిల్లస్ అనే మేలు చేసే బాక్టీరియాకు ఆ బయటి పొర లేదు. అవి లాక్టిక్ ఆమ్లం తయారుచేసి పీహెచ్‌ను (ఆమ్లం, క్షారం కొలత; 7 కంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం) 3.8 నుంచి 4.5 మధ్య ఉంచుతాయి. పేగుల నుంచి వచ్చే బాక్టీరియాకు అక్కడ చోటివ్వని కాపలాదార్లు అవే. నొనాక్సినాల్-9 ఆ కాపలాదార్లను దెబ్బతీస్తుంది, ముఖ్యంగా హైడ్రోజన్ పెరాక్సైడ్ తయారుచేసేవాటిని. ఈ. కోలై జోలికి పోదు. ఖాళీ అయిన చోట ఈ. కోలై స్థిరపడుతుంది, మూత్రనాళం అక్కడికి అంగుళం దూరంలోనే ఉంటుంది. డయాఫ్రం, ఈ జెల్ కలిపి వాడేవాళ్లలో మూత్ర ఇన్‌ఫెక్షన్లు ఎక్కువని వైద్యులకు బాగా తెలిసిన విషయమే. డయాఫ్రం అంచు మూత్రనాళం మీద ఒత్తిడి పెట్టడం కూడా కొంత తోడవుతుంది. ఆవిడ శుభ్రత పాటించకపోవడం వల్లే అని ఎవరైనా అంటే దయచేసి నమ్మకండి, ఆవిడను కూడా అలా అనుకుని బాధపడనివ్వకండి.

సబ్బు నీళ్లు ఎందుకు వద్దన్నానో ఇప్పుడు అర్థమై ఉంటుంది. సబ్బు పీహెచ్ 9, 10 దగ్గర ఉంటుంది. కాపలాదార్లు పోతారు, ఆమ్లం పోతుంది, గోడ మండుతుంది, వీర్యకణాలు మాత్రం అప్పటికే పైకి వెళ్లిపోయి ఉంటాయి. పల్చన చేస్తే మంట తగ్గవచ్చు, అప్పుడు గర్భనిరోధమూ ఉండదు. జెల్ వాడాక కడిగేయడం కూడా తప్పే, కనీసం 6 గంటలు ఆగాలి. లోపల కడగడం ఎప్పుడూ అవసరం లేదు.

ఆవిడ డాక్టరుగారి దగ్గరికి వెళ్లినప్పుడు ఏ గర్భనిరోధకం వాడుతున్నారో అడగకపోయినా చెప్పమనండి. చాలామంది అది వేరే విషయం అనుకుని చెప్పరు. మూడుసార్లు యాంటీబయాటిక్ వాడి, జెల్ అలాగే కొనసాగిస్తే నాలుగోసారి రావడానికి దారి తెరిచి పెట్టినట్టే. పాత రెండు కల్చర్ రిపోర్టులు, జెల్ పెట్టె తీసుకెళ్లండి. మార్చుకోవడానికి దారులు చాలా ఉన్నాయి: ఈ మందు పూయని కండోమ్‌లు, కాపర్ టీ, హార్మోన్ పద్ధతులు. సర్ఫాక్టెంట్ లేకుండా లాక్టిక్, సిట్రిక్ ఆమ్లాలు, పొటాషియం బైటార్ట్రేట్ కలిపిన జెల్ ఒకదానికి 2020లో అమెరికాలో అనుమతి వచ్చింది. అది పొరను చీల్చదు, వీర్యం ఆమ్లాన్ని చెరపకుండా అడ్డుకుంటుంది. కానీ మూత్ర ఇన్‌ఫెక్షన్లు పదేపదే వచ్చేవాళ్లు, మూత్రనాళంలో తేడాలు ఉన్నవాళ్లు దాన్నీ వాడవద్దని దాని పెట్టె మీదే ఉంటుంది. కాబట్టి మీ ఆవిడ విషయంలో అది సరైన ప్రత్యామ్నాయం అనుకోను. కొత్త పద్ధతి మొదలయ్యేదాకా మధ్యలో కండోమ్ వాడండి, కొనేటప్పుడు నొనాక్సినాల్ పేరు లేదని పెట్టె వెనక చూసి మరీ తీసుకోండి.